యోంగ్‌సాన్‌లో ఇల్లు వెతికే ముందు దాని గోడను చూడండి

రెండేళ్ళ ఉద్యోగం మీద భార్యతో కలిసి సియోల్ వస్తున్నాననీ, ఆఫీసు సియోల్ స్టేషన్ దగ్గరనీ మీరు రాశారు. యోంగ్‌సాన్‌లో ఇల్లు తీసుకొమ్మని కొందరు సలహా ఇచ్చారనీ, అక్కడ ఉంటే అసలైన కొరియా కనిపించదని మరికొందరు భయపెట్టారనీ చెప్పారు. ఇన్ని దేశాలవాళ్ళు నగరం నడిబొడ్డున ఆ ఒక్క చోటే ఎందుకు చేరారని కూడా అడిగారు. పద్నాలుగేళ్ళుగా ఈ నగరంలో ఉంటున్నాను. అందులో ఎక్కువ భాగం యోంగ్‌సాన్‌లోనే, రెండు వేర్వేరు పేటల్లో గడిచింది. మీ చివరి ప్రశ్నకు జవాబు తెలిస్తే మొదటి రెండింటికీ జవాబు దానంతటదే దొరుకుతుంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

సియోల్‌లో గు అనే పాలక విభాగాలు 25 ఉన్నాయి. ఒక్కో గుకు ఎన్నికైన అధిపతి, సొంత కార్యాలయం ఉంటాయి. యోంగ్‌సాన్‌గు ఉత్తరాన నమ్సాన్ కొండ నుంచి దక్షిణాన హాన్ నది ఒడ్డు దాకా వాలుగా దిగుతుంది. విస్తీర్ణం దాదాపు 22 చదరపు కిలోమీటర్లు, జనాభా రెండు లక్షల పైచిలుకు. పటం తెరిచి చూస్తే ఇంత కిక్కిరిసిన నగరానికి సరిగ్గా మధ్యన, వీధుల అల్లిక ఒక్కసారిగా తెగిపోయి, పచ్చగా ఖాళీగా కనిపించే పెద్ద మచ్చ ఒకటి ఉంటుంది. సుమారు 600 ఎకరాల ఆ మచ్చే నిన్నమొన్నటి దాకా అమెరికా సైన్యపు ప్రధాన శిబిరం. యోంగ్‌సాన్ వైవిధ్యమంతా ఆ శిబిరం గోడ చుట్టూ పుట్టిందేనని నా అభిప్రాయం. విదేశీయులను చేతులు చాచి పిలిచిన పేట కాదిది. ఎవరూ అడగకుండా వచ్చి కూర్చున్న సైన్యాల చుట్టూ, వాటి గేట్ల ముందు, వాటి వెనక సందుల్లో, బతకడానికి వచ్చినవాళ్ళు కట్టుకున్న పేట.

1904లో రష్యాతో యుద్ధం మొదలయ్యాక జపాన్ ఇక్కడి ఊళ్ళను ఖాళీ చేయించి తన సైన్యానికి స్థావరం కట్టడం మొదలుపెట్టింది. నదీ రేవు దగ్గర ఉండటం, 1900 నాటికే రైలు మార్గం వచ్చి ఉండటం, రాజధాని కోటకు దక్షిణ ద్వారం దగ్గరలో ఉండటం, ఇవన్నీ సైన్యానికి కలిసొచ్చాయి. జపాన్ పాలన ముగిసిన 1945 సెప్టెంబరులో అమెరికా దళాలు దిగి అవే బారకాసుల్లో చేరాయి. మధ్యలో 1949లో వెళ్ళిపోయినా, కొరియా యుద్ధం తర్వాత మళ్ళీ వచ్చి పాతుకుపోయాయి. అమెరికా దళాల ప్రధాన కార్యాలయం దక్షిణాన ప్యోంగ్‌టెక్‌కు తరలింది 2018లోనే. అంటే వంద సంవత్సరాలకు పైగా, సియోల్ వాసులకు తమ నగరం మధ్యలో ఏముందో తెలియదు. గోడ పక్కనుంచి బస్సులో పోవడమే తప్ప లోపల అడుగుపెట్టినవాళ్ళు తక్కువ.

సంగక్‌జీ స్టేషనులో దిగి నోక్సాప్యోంగ్ వైపు నడిస్తే ఆ గోడ ఇప్పటికీ మీ పక్కనే వస్తుంది. రాయి, కాంక్రీటు కలిసిన పాత గోడ, పైన ముళ్ళ తీగ. శరదృతువులో దాని వెంట ఉన్న చెట్ల ఆకులు పసుపు పచ్చగా రాలి, ఫొటోలు తీసుకునే జంటలు బారులు తీరుతాయి. వాళ్ళు ఆనుకుని నవ్వుతున్నది ముళ్ళ తీగ ఉన్న సైనిక శిబిరపు గోడకని చాలామందికి పట్టదు. 2023 నుంచి ఆ స్థలంలో కొంత భాగాన్ని పిల్లల తోటగా తెరిచారు. మిగతాదాన్ని జాతీయ ఉద్యానవనంగా మార్చాలని ఏళ్ళ తరబడి ప్రయత్నం సాగుతోంది కానీ, నేలలో ఇంకిన చమురు మరకలు అంత తేలికగా పోయేవి కావు. 2001లో నోక్సాప్యోంగ్ మెట్రో స్టేషను భూగర్భజలంలో చమురు కనిపించినప్పటి నుంచి ఆ వివాదం నలుగుతూనే ఉంది. 2022 మేలో దేశాధ్యక్షుడి కార్యాలయం ఈ గోడ పక్కనున్న రక్షణ శాఖ భవనానికి మారినప్పుడు పేట స్వరూపమే మారిపోతుందన్నారు. తర్వాతి ప్రభుత్వం దాన్ని అంతకుముందున్న చోటికే, బ్లూ హౌస్ అనే పాత నీలి భవనానికే మళ్ళించింది. గోడ మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇప్పుడు గోడ చుట్టూ తిరుగుదాం.

తూర్పు గేటు ముందు పెరిగింది ఇటేవాన్. జోసన్ రాజుల కాలంలో ప్రభుత్వ పనిమీద తిరిగే ఉద్యోగులు రాత్రి ఆగే సత్రం ఈ చుట్టుపక్కల ఉండేది. పేరు చివరి ‘వాన్’ అదే. యుద్ధం తర్వాత సైనికుల కోసం బార్లు, సూటు కుట్టే దర్జీలు, తోలు జాకెట్లు అమ్మే దుకాణాలు, కొరియాలో ఇంకెక్కడా దొరకని పెద్ద సైజు చెప్పుల కొట్లు వెలిశాయి. శిబిరం లోపలి క్లబ్బుల్లో పాడటానికి కొరియా గాయకులకు పరీక్ష పెట్టి ఎంపిక చేసేవారు. ఇవాళ ప్రపంచమంతా వింటున్న కొరియా పాప్ సంగీతం మూలాలు వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు, షిన్ జూంగ్‌హ్యోన్ లాంటి గిటారు కళాకారులు ఆ వేదికల మీదే పేరు తెచ్చుకున్నారన్న సంగతి దగ్గర ఆగుతారు. 1988 ఒలింపిక్స్ నాటికి పర్యాటకులు కూడా అలవాటు పడ్డారు. 1997లో ప్రభుత్వం ఇటేవాన్‌ను ప్రత్యేక పర్యాటక ప్రాంతంగా ప్రకటించింది.

మీరు అసలు చూడాల్సింది మెయిన్ రోడ్డు కాదు, దానికి దక్షిణాన ఎక్కే కొండ వాలు. అక్కడ సియోల్ కేంద్ర మసీదు ఉంది. కొరియా యుద్ధంలో పోరాడటానికి వచ్చిన టర్కీ దళాల వెంట ఉన్న ఇమాముల ద్వారా కొంతమంది కొరియన్లు ఇస్లాం స్వీకరించారు. తర్వాత ప్రభుత్వం స్థలం ఇచ్చింది, సౌదీ తదితర దేశాలు డబ్బిచ్చాయి, 1976లో మసీదు తెరిచారు. అరబ్బు దేశాల చమురు కొరియాకు ఎంత అవసరమో అందరికీ తెలిసిన కాలం అది. మసీదు వచ్చాక పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఉజ్బెకిస్తాన్, నైజీరియా, ఇండోనేసియా వాళ్ళు ఆ వాలు మీదే గదులు వెతుక్కున్నారు, కొట్లు పెట్టుకున్నారు. ఆ కొట్లే మన వంటింటికి దిక్కు. నేను వచ్చిన మొదటి చలికాలంలో కందిపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండు కరివేపాకు, ఇంగువ అన్నీ ఒకే కొట్లో చూసి, మోయలేనంత కొని, ఆ మెట్లు దిగలేక రెండుసార్లు సంచి కింద పెట్టి ఆగాను. బియ్యం ఎక్కువగా బాస్మతే. సన్న బియ్యం దొరికిన రోజున స్నేహితులకు సందేశాలు పెట్టుకుంటాం.

ఆ వాలు మీద ఒక శుక్రవారం మధ్యాహ్నం నిలబడి చూడండి. నమాజు ముగించుకుని జనం గుంపులుగా దిగుతుంటారు. హలాల్ మాంసం కొట్టు ముందు వరుస, రొట్టె కాలుతున్న వాసన, ఏదో దేశపు విమాన టికెట్ల బోర్డు. అక్కడి నుంచి గట్టిగా రెండు నిమిషాల నడకలో ఇంకో సందు ఉంది. పగలంతా షట్టర్లు దించి ఉంటాయి, రాత్రి పదకొండు దాటాక తెరుచుకుంటాయి. స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్లు ఈ దేశంలో తలెత్తి నడవలేని రోజుల నుంచి కలుసుకునే బార్లు అవి. ఒకే కొండ, ఒకే మెట్లు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పెద్ద ప్రేమ ఉందని నేననను. ఊరు తమను దూరం పెట్టిన చోట, సైనిక శిబిరం పక్కన అద్దె తక్కువగా ఉన్న వాలు మీద ఇద్దరూ చేరారు, అంతే. పొద్దూ రాత్రీ పంచుకుని దశాబ్దాలుగా గడుపుతున్నారు.

శిబిరానికి ఉత్తరాన, నమ్సాన్ కొండను ఆనుకుని హేబాంగ్‌చోన్ ఉంది. పేరుకు అర్థం విమోచన గ్రామం. 1945 విమోచన తర్వాత విదేశాల నుంచి తిరిగొచ్చినవాళ్ళు, ఉత్తర కొరియా నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు దొరికిన చెక్కలు, రేకులతో గుడిసెలు వేసుకున్న చోటు. తర్వాత ఇంటింటా స్వెట్టర్లు అల్లే చిన్న చిన్న పనిశాలలు నడిచాయి. ఆ పేటలో 108 మెట్ల దారి ఒకటి ఉంది. జపాన్ వాళ్ళు యుద్ధంలో చనిపోయిన తమ సైనికులకు ఆలయం కట్టి, దానికి వేసిన మెట్లవి. ఆలయం పోయింది, మెట్లు మిగిలాయి, వాటి పైనే కాందిశీకుల పిల్లలు పెరిగి ముసలివాళ్ళయ్యారు. ఆ ముసలివాళ్ళు ఎక్కలేక అవస్థ పడుతుంటే 2018లో మెట్ల నడుమనే ఏటవాలుగా ఎక్కే లిఫ్టు పెట్టారు. నా మొదటి ఇల్లు ఆ పేటలోనే. సాయంత్రం లిఫ్టులో పక్కన నిలబడ్డ అవ్వ చేతిలో ముల్లంగి కట్ట, ఇంకోపక్క ఇంగ్లీషు పాఠాలు చెప్పే కెనడా కుర్రవాడు, వాడి పక్కన ఫిలిప్పీన్స్ తల్లీ బిడ్డ. అసలైన కొరియా కనిపించదని మీతో చెప్పినవాళ్ళు ఆ లిఫ్టు ఎప్పుడూ ఎక్కి ఉండరు.

పడమటి వైపు కథ వేరు. యోంగ్‌సాన్ రైల్వే స్టేషను పక్కనున్న ఎలక్ట్రానిక్స్ మార్కెట్టు స్థలంలో ఒకప్పుడు కూరగాయల టోకు మార్కెట్టు ఉండేది. అది గరాక్ అనే పేటకు తరలిపోయాక, నగరం మధ్యలోని సేవూన్ అనే దుకాణాల సముదాయం నుంచి రేడియో, కంప్యూటరు వ్యాపారులను 1987లో ఇక్కడికి పంపారు. అమాయకుల్ని మోసం చేసే అమ్మకందార్లకు ‘యోంగ్‌పరి’ అనే వెటకారపు పేరు వచ్చింది ఈ మార్కెట్టు వల్లే. ఇప్పుడు ఆన్‌లైన్ ధరల దెబ్బకు సగం అంతస్తులు వెలవెలబోతున్నాయి కనుక కొనడానికి వెళ్ళకపోయినా నష్టం లేదు. అదే దారిలో, హాన్‌గాంగ్ రోడ్డు పక్కన, పునర్నిర్మాణం కోసం ఖాళీ చేయించడాన్ని ఎదిరించి భవనం మీదికెక్కిన అద్దెదారుల పైకి 2009 జనవరి 20న పోలీసులు వెళ్ళినప్పుడు మంటలు రేగి ఆరుగురు చనిపోయారు, వారిలో ఒకరు పోలీసు. ఆ స్థలంలో నేడు ఆకాశహర్మ్యాలున్నాయి. స్టేషను వెనకాల రైలు యార్డులో పెద్ద వాణిజ్య నగరం కడతామన్న పథకం 2013లో కుప్పకూలి, ఆ నేల ఏళ్ళ తరబడి గడ్డి మొలిచి పడి ఉండింది.

దక్షిణాన, నది ఒడ్డున ఇచోన్. 1965లో జపాన్‌తో సంబంధాలు కుదిరాక రాయబార ఉద్యోగులు, కంపెనీల వాళ్ళు కుటుంబాలతో చేరిన అపార్టుమెంట్ల పేట. ఇప్పటికీ జపాన్ హోటళ్ళు, జపాన్ భాష తెలిసిన ఆస్పత్రి సిబ్బంది అక్కడ కనిపిస్తారు. నేల చదును, చెట్లు ఎక్కువ, రైలు దగ్గర. దానికి ఎదురుగా ఉన్న జాతీయ మ్యూజియం 2005లో ఇక్కడికి వచ్చింది. అమెరికన్ అధికారులు గోల్ఫ్ ఆడిన నేల వెనక్కి వచ్చాక, దాని మీదే అది లేచింది. శాశ్వత ప్రదర్శన ఉచితం. వర్షం పడిన ఆదివారం మా ఇంటికి అదే దిక్కు.

తూర్పు చివర హన్నం, ధనవంతుల పేట. రాయబార కార్యాలయాలు ఎక్కువ, మన భారత రాయబార కార్యాలయం కూడా అక్కడే. పాస్‌పోర్టు పనికి ఎటూ వెళ్తారు, అప్పుడు చూడవచ్చు. రెండేళ్ళ ఉద్యోగి జీతానికి ఆ పేట అందదు కనుక ఇంతకంటే రాయను. దానికి పూర్తి విరుద్ధంగా, మీ ఆఫీసుకు ఎదురుగానే, సియోల్ స్టేషను ఎదుటి వీధుల వెనక దోంగ్జా అనే చోట, ఒక మనిషి కాళ్ళు చాపుకుంటే నిండిపోయే గదుల్లో ఒంటరి వృద్ధులు రోజువారీ, నెలవారీ అద్దెకు బతుకుతుంటారు. అది కూడా యోంగ్‌సానే. వైవిధ్యం అని పర్యాటక పుస్తకాలు మెచ్చుకునే మాటలో ఈ గదులు ఎప్పుడూ ఉండవు.

మనకు ఒక చిన్న బంధం కూడా ఈ గోడ పక్కనే ఉంది. సంగక్‌జీ దగ్గర, పాత సైనిక ప్రధాన కార్యాలయపు స్థలంలో 1994లో తెరిచిన యుద్ధ స్మారకం ఉంది. కొరియా యుద్ధానికి దళాలు పంపిన దేశాల పక్కన, వైద్య సహాయం పంపిన దేశాల్లో భారతదేశం పేరు కనిపిస్తుంది. మన దేశం పోరాడే సైన్యాన్ని పంపలేదు. 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ అనే వైద్య దళాన్ని, లెఫ్టినెంట్ కర్నల్ ఏ.జి. రంగరాజ్ నాయకత్వంలో, 1950లో పంపింది. ఇక్కడి ముసలివాళ్ళలో కొందరికి ఆ సంగతి గుర్తుంది. మా ఇంటి కింద ఇస్త్రీ చేసే పెద్దాయన నన్ను భారతీయుడని తెలుసుకున్న రోజున, మాట కంటే ముందు చేత్తో గొడుగులా పారాచూట్ చూపించాడు.

భద్రత గురించి కూడా అడిగారు. మామూలు రోజుల్లో రాత్రి ఒంటి గంటకు మీ భార్య మెట్రో దిగి నడిచి రావడానికి భయపడాల్సిన నగరం కాదిది. అయితే 2022 అక్టోబరు 29 రాత్రి హాలోవీన్ గుంపులో, ఇటేవాన్ మెయిన్ రోడ్డు నుంచి పైకెక్కే సన్నటి సందులో జరిగిన తొక్కిసలాట 159 మందిని బలిగొంది. వారిలో 26 మంది విదేశీయులు. ఆ సందు ఇరుకైన చోట 3.2 మీటర్లు. నేరస్తులు ఎవరో వచ్చి చేసిన పని కాదది. జనం పెరుగుతున్నా అదుపు చేసేవాళ్ళు లేకపోవడమే దానికి కారణం. ఇప్పుడు ఆ సందు గోడ మీద స్మారక ఫలకాలున్నాయి. దయచేసి అక్కడ ఫొటోకు నవ్వకండి. పండుగ రాత్రుల్లో కొండ వాలు సందులు ఎవరికైనా ప్రమాదమే. మిగతా రోజుల్లో మీరు ఎదుర్కొనేది కేవలం శుక్ర, శనివారాల రాత్రి గోల. మెయిన్ రోడ్డుకు రెండు వీధుల లోపల ఇల్లు తీసుకోవద్దనడానికి కారణం అదే.

ఇక మీ విషయం. ఆఫీసు సియోల్ స్టేషను దగ్గర కనుక నేనైతే మొదట హువామ్ చూస్తాను. నడిచి వెళ్ళే దూరం, జపాన్ కాలపు పాత ఇళ్ళ మధ్య కొత్తగా కట్టిన చిన్న ఫ్లాట్లు, సాయంత్రం నమ్సాన్ కొండ నడక. జీతం అనుకూలిస్తే ఇచోన్. డబ్బు ఆదా చేయాలంటే హేబాంగ్‌చోన్, కానీ చలికాలం మంచు పడినప్పుడు ఆ వాలు మీద గ్యాసు బండ కాదు కదా, కాయగూరల సంచి మోయడం కూడా కష్టం. మోకాళ్ళ నొప్పి ఉన్న అత్తమామలో, తల్లిదండ్రులో వచ్చి ఆరు నెలలు ఉంటారనుకుంటే ఆ పేట వద్దు. మసీదు వాలు కింది బోగ్వాంగ్ వైపు అద్దెలు తక్కువని ఎవరైనా ఆశపెడితే ఆగి ఆలోచించండి. హన్నం పునర్నిర్మాణం కింద 2003లోనే గుర్తించిన ప్రాంతమది, ఈ మధ్యే ఇళ్ళు ఖాళీ చేయించారు. నేను పప్పులు కొనే కొట్టు యజమాని, కొనేవాళ్ళు సగం మంది వెళ్ళిపోయారని లెక్కపుస్తకం తెరిచి చూపించాడు.

ఇంటి ఒప్పందం గురించి రెండు మాటలు, ఎందుకంటే మన వాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. కొరియాలో జోన్సే అనే పద్ధతి ఉంది. నెలనెలా అద్దె ఉండదు, ఇంటి విలువలో పెద్ద భాగాన్ని డిపాజిట్‌గా యజమాని చేతిలో పెడతారు, గడువు తీరాక మొత్తం తిరిగి ఇవ్వాలి. ఆ డబ్బు తిరిగి రాక ఇటీవలి సంవత్సరాల్లో వేలమంది కొరియన్లే వీధిన పడ్డారు కనుక, రెండేళ్ళకు వచ్చే మీరు దాని జోలికి పోకండి. వోల్సే అనే రెండో పద్ధతిలో డిపాజిట్ కొంత, నెల అద్దె కొంత. అదీ జాగ్రత్తగానే చేయాలి. నా మొదటి ఇంటి యజమాని డిపాజిట్ ఇవ్వడానికి నాలుగు నెలలు తిప్పుకున్నాడు. అప్పుడు నన్ను కాపాడింది ఒప్పందం మీద ప్రభుత్వ కార్యాలయంలో వేయించుకున్న తేదీ ముద్ర ఒక్కటే. సంతకం పెట్టే రోజునే ఇంటి రిజిస్టరు నకలు తీయించి, దాని మీద బ్యాంకు అప్పు ఎంతుందో ఏజెంటు చేత చదివించుకోండి. సియోల్ నగర పాలక సంస్థ గుర్తించిన, విదేశీ భాషలు తెలిసిన ఏజెంట్లు యోంగ్‌సాన్‌లోనే ఎక్కువ. అది ఈ పేటలో ఇల్లు వెతకడంలోని అసలు లాభం. ఇంట్లో చేరిన వెంటనే విదేశీయుల నమోదు కార్డులో చిరునామా మార్పించి, ఒప్పందం మీద తేదీ ముద్ర వేయించండి. ఈ రెండూ లేకపోతే ఇల్లు వేలానికి వచ్చినప్పుడు మీ డిపాజిట్ వరుసలో చిట్టచివరకు పోతుంది.

సగం నేలలో దిగి ఉండే గదులు చవకగా చూపిస్తారు, కిటికీ రోడ్డుకు అంటుకుని ఉంటుంది. వానాకాలం నీళ్ళు, ఏడాదంతా బూజు. వద్దు. దానికి బదులు పాతదైనా పై అంతస్తు, నేల వేడెక్కే పైపులు బాగా పనిచేసేది చూడండి. ఆ వేడి నేల విలువ మీ భార్యకు డిసెంబరులో తెలుస్తుంది. ఇడ్లీ పిండి గిన్నెను దళసరి తువ్వాలులో చుట్టి, పడకగది మూల నేల మీద రాత్రంతా ఉంచితే, బయట మంచు గడ్డకట్టి ఉన్నా తెల్లారేసరికి గిన్నె అంచు దాకా పొంగుతుంది. మినప్పప్పు మాత్రం ఆదివారం కాకుండా శుక్రవారం ఉదయమే వెళ్ళి మసీదు వాలు మీద తెచ్చుకోండి, మధ్యాహ్నానికి కొట్లో నిలబడే చోటుండదు.